తిరిగే ద్రవం ఎప్పుడు తిరగబడుతుంది? (నాలుగో పాఠం)

పోయినసారి ఒకదాంట్లో ఒకటి నిలబెట్టిన రెండు గొట్టాల నడుమ సందులో ద్రవం పోసి, గొట్టాలను తిప్పితే అది ఏ వేగంతో తిరుగుతుందో లెక్క తేల్చాం. వేగంలో ఒక ముక్క వ్యాసార్ధంతో పాటు పెరుగుతుంది, ఇంకోటి వ్యాసార్ధం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఆ రెండు ముక్కల ముందుండే స్థిరాంకాలు ఇంకా రాబట్టనివాళ్లు ముందు ఆ పని చూసి రండి.

సమీకరణం ఒప్పుకున్నంత మాత్రాన ద్రవం అట్లనే తిరుగుతుందని లేదు. ముల్లు మీద నిలబడ్డ పెన్సిల్‌నూ సమీకరణం ఒప్పుకుంటుంది. చిన్న కుదుపు ఇస్తే ఏమవుతుంది? అదీ స్థిరత్వం ప్రశ్న.

సందులోంచి ఒక సన్నటి ద్రవపు ఉంగరాన్ని కొంచెం బయటికి జరపండి. స్నిగ్ధత, అంటే ద్రవం పొరల మధ్య రాపిడి, లేదనుకుంటే ఉంగరం కోణీయ ద్రవ్యవేగం మారదు. కొత్తచోట ఉన్న ద్రవానికి అంతకంటే ఎక్కువుంటే అక్కడి పీడనం ఉంగరాన్ని వెనక్కి నెడుతుంది. తక్కువుంటే ఆ పీడనం ఆపలేదు, ఉంగరం ఇంకా బయటికే పోతుంది. భౌతిక శాస్త్రవేత్త రేలీ పెట్టిన షరతు ఇదే: రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు తిరుగుతుంటే, వ్యాసార్ధం వర్గాన్ని కోణీయ వేగంతో గుణించగా వచ్చేది (కిలో ద్రవానికి ఉండే కోణీయ ద్రవ్యవేగం అదే) బయటికి పోయేకొద్దీ పెరగాలి.

లోపలి వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు, బయటిది 4.4. లోపలి గొట్టం సెకనుకు 10 రేడియన్లు తిరిగితే లోపల 160. బయటిది 9 తిరిగితే 174, గండం లేదు. 8కి దించితే 155, రేలీ ప్రకారం చెడింది. బయటిదాన్ని ఆపేసి లోపలిదే తిప్పడం అన్నింటికంటే చెడ్డ పద్ధతి. మన ఇండ్లల్లో సల్ల చిలికేది సరిగ్గా అట్లనే: కుండ కదలదు, కవ్వం తిరుగుతుంది. కవ్వానికి రెక్కలుంటాయి కాబట్టి పోలికను మరీ లాగొద్దు.

ఇప్పుడు స్నిగ్ధతను తిరిగి తెద్దాం. రేలీ షరతు తప్పినా అది కొంత వేగం దాకా కాపలా కాస్తుంది. ఎంతదాకా అన్నది 1923లో బ్రిటిష్ శాస్త్రవేత్త టేలర్ లెక్కగట్టి, ప్రయోగంతో సరిచూశాడు. బయటి గొట్టం ఆగి, సందు సన్నగా ఉంటే, లోపలి కోణీయ వేగం వర్గం, లోపలి వ్యాసార్ధం, సందు ఘనం గుణించి, స్నిగ్ధత వర్గంతో భాగించండి. ఇక్కడ స్నిగ్ధత అంటే సాంద్రతతో భాగించినది. జవాబు సుమారు 1,700 దాటితే ప్రవాహం తిరగబడి, ఒకదానిమీద ఒకటి పేర్చిన చుట్టల్లా సుడులు వస్తాయి. ఒక్కో సుడి ఎత్తు దాదాపు సందు అంతే.

మన గొట్టాల్లో నీళ్లు పోస్తే నిమిషానికి ఎనిమిది చుట్లకే ఆ హద్దు. నీళ్లకు వందరెట్ల స్నిగ్ధత ఉన్న నూనెకు దాదాపు 780 చుట్లు. హన్మకొండలో మా ఇంటి డాబా మీద స్టీలు గిలాసతో మొదటిసారి తిప్పినప్పుడు నాకేమీ కనబడలేదు. సుడులు లేక కాదు, మామూలు నీళ్లల్లో అవి కంటికి ఆనవు! ముత్యపు మెరుపున్న షాంపూ కొంచెం కలిపాక గాజు వెనక అడ్డచారలు తేలాయి.

హోంవర్క్: సందును రెట్టింపు చేసి, తక్కినవన్నీ అట్లనే ఉంచితే, హద్దు వేగం ఎన్నో వంతుకు దిగుతుంది? సగం అని తొందరపడొద్దు, ఘనాన్ని చూడండి.