మాగాయ కోతకు ముందు చాకు పదును: కడ్డీతో జాగ్రత్తలు

మాగాయ పెట్టే రోజుల్లో మామిడికాయల చెక్కు తీయడం, ముక్కలు తరగడం గంటల తరబడి సాగుతుంది. కాయల రసం అంటి చేతులు తడిగా ఉంటాయి, పిడి జారుతూ ఉంటుంది. అలాంటప్పుడు చాకు కాస్త మొద్దుబారినా ప్రమాదమే. పదునుంటే వాదర కాయలోకి సులువుగా దిగుతుంది. లేకపోతే బలంగా నొక్కాల్సి వస్తుంది, నొక్కిన చాకు తొక్క మీద జారి వేలి మీదికి వస్తుంది. అందుకే కాయలు ఇంటికి రాకముందే, తీరిక ఉన్న పూట చాకును పదును కడ్డీ మీద రాసి వాదర సరిచేసే పని ముగించుకోండి. కోత మధ్యలో హడావిడిగా పదును పెట్టుకోవడం మంచిది కాదు.

ముందు వాదరను పైకి తిప్పి దీపం వెలుగులో చూడండి. పదునున్న వాదర వెలుగులో కనిపించదు. ఎక్కడైనా సన్నని మెరుపు గీత తేలితే అక్కడ మొద్దుబారినట్టు. బొటనవేలితో రాసి చూడకండి. పండిన టమాటా తొక్క తెగుతుందో లేదో చూస్తే చాలు. వాదర పెచ్చులూడి ఉంటే కడ్డీతో బాగుపడదు, సాన పట్టించాల్సిందే.

ఉక్కు కడ్డీ పక్కకు ఒరిగిన వాదరను నిలబెడుతుంది. సెరామిక్ కడ్డీ దాంతో పాటు కొద్దిగా లోహాన్ని అరగదీస్తుంది. వజ్రపు పొడి పూసిన కడ్డీ ఇంకా ఎక్కువ అరగదీస్తుంది కనుక దాన్ని అరుదుగా వాడాలి. గట్టి ఉక్కుతో చేసిన జపాన్ తరహా చాకులను గీతలున్న ఉక్కు కడ్డీ మీద రాస్తే వాదర పెచ్చులూడవచ్చు, వాటికి సన్నరకం సెరామిక్ మేలు. రంపపు పళ్లున్న బ్రెడ్ చాకును పక్కన పెట్టండి.

అసలు జాగ్రత్తంతా పట్టుకోవడంలో ఉంది. వంటల కార్యక్రమాల్లో చేసినట్టు కడ్డీని గాలిలో పట్టుకుని చకచకా రాయకండి. ఆ వేగం వల్ల పదును పెరగదు, గాయం భయం మాత్రం పెరుగుతుంది. బల్ల మీద తడిగుడ్డ మడిచి పరచి, కడ్డీ కొనను దాని మీద ఆనించి నిటారుగా నిలబెట్టండి. కడ్డీ పిడి పట్టుకున్న చేతి వేళ్లు, బొటనవేలితో సహా, పిడికి చేతి రక్షణగా ఉండే కాపు అంచుకు వెనకే ఉండాలి. వాదరను కడ్డీ పైభాగాన ఆనించి, చాకు పిడి దగ్గరి నుంచి మొన వరకు రాసేలా కిందికి, మీ వైపుకు లాగండి. అప్పుడు వాదర చేతికి దూరంగా కదులుతుంది.

కోణం సుమారు 20 డిగ్రీలు. నిలువు కడ్డీకి చాకును అడ్డంగా పెడితే 90, అందులో సగం 45, మళ్లీ సగం చేస్తే దాదాపు అదే కోణం. జపాన్ తరహా చాకులకు 15 చాలు. ఒత్తిడి చాలా తక్కువగా ఉండాలి. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, పక్కకు అయిదారు సార్లు సరిపోతుంది. మొన కడ్డీ మీద నుంచి జారిపోకముందే ఆపండి. జారితే మొన గుండ్రబడుతుంది, చాకు ఎటు పోతుందో కూడా చెప్పలేం.

కోణం కుదరదని భయపడేవారికి పీటలో 'వి' ఆకారంలో గుచ్చిన రెండు సెరామిక్ కడ్డీలు అనువుగా ఉంటాయి. చాకును నిటారుగా పట్టుకుని కిందికి లాగితే చాలు. కానీ పీటను అదిమిపట్టిన చేయి చాకు దిగే దారికి దగ్గరగా ఉంటుంది. చేతికి అడ్డుగా కాపు కడ్డీలు ఇచ్చి ఉంటే వాటిని బిగించకుండా మొదలుపెట్టకండి.

కత్తిపీట జోలికి మాత్రం వెళ్లవద్దు. దాని వంపు వాదర మన వైపే తిరిగి ఉంటుంది, కడ్డీ జారితే చేయి నేరుగా దాని మీదికే పోతుంది. సాన పట్టేవారికే వదిలేయండి.

పిల్లలను దూరంగా ఉంచండి. చాకు చేజారితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీసుకోండి. తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి, చేయి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. గాయం లోతుగా ఉన్నా, వేలు మొద్దుబారినా, వంగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.

పని అయ్యాక చాకుకు అంటిన ఇనుప రజను పోయేలా కడిగి, వాదర వెనక వైపు నుంచి తుడవండి. టెంకతో సహా కొట్టే ఆవకాయ ముక్కలకు ఈ చాకు వాడవద్దు. వాటిని బజారులో కాయలు కొన్నచోటే పెద్ద కత్తితో కొట్టించుకోండి.