ఆలం (పటిక) ఎంత వేసినా నీళ్లు తేరుకోకపోతే మేం చేసింది ఇదీ

వానాకాలం కాలవ నీళ్లు ఎర్రగా వచ్చినప్పుడు మా ఫిల్టర్ ప్లాంట్‌లో ఆలం డోసు పెంచుతున్నా సరే క్లారిఫయర్ (మట్టి అడుక్కి దిగే తొట్టి) మీంచి సన్న ఫ్లాక్ (ఆలంతో మట్టి కలిసి కట్టే ముద్దలు) తేలిపోయి ఫిల్టర్లకి వెళ్లిపోయేది, బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి పంపి ఫిల్టర్ కడగడం) చేసీ చేసీ విసుగొచ్చేసింది. విచిత్రం ఏంటంటే అవే నీళ్లకి అదే డోసుతో జార్ టెస్ట్ (జాడీల్లో కొద్ది నీళ్లకి ఆలం కలిపి చూడటం) చేస్తే చక్కగా తేరుకుంటున్నాయి! అంటే పటిక చాలక కాదు, కలవడంలోనే తేడా ఉందన్నమాట.

ఆలం నీళ్లలో పడ్డాక రియాక్షన్ సెకన్లలో అయిపోతుంది, ఆలోపే అది మొత్తం నీళ్లకి అందాలి. మా దగ్గరేమో సొల్యూషన్ పైపు ఫ్లాష్ మిక్సర్ (ఆలంని నీళ్లలో గబగబా కలిపే తొట్టి) మూలలో, నీళ్లు పెద్దగా కదలని చోట పడుతోంది (కట్టినోళ్ల పుణ్యమా అని). దాన్ని పీకేసి, బొక్కలు పెట్టిన పీవీసీ పైపు ఇన్‌లెట్ ఛానెల్‌కి అడ్డంగా, నీళ్లు దూకి సుడులు తిరిగే చోటికి కొంచెం ముందు బిగించాం. సగం సమస్య దాంతోనే పోయింది.

మిగతాది ఫ్లాక్యులేటర్‌లో, అంటే నీళ్లని నిదానంగా తిప్పి ఫ్లాక్ కట్టించే తొట్టిలో. ప్యాడిల్స్ స్పీడ్ ఎక్కువై కట్టిన ఫ్లాక్‌ని చితక్కొట్టేస్తున్నాయి, ఆలం ఫ్లాక్ ఒకసారి విరిగిందంటే మళ్లీ అంత సైజుకి కట్టదు. ఫ్లాష్ మిక్సర్‌లో జీ వాల్యూ (నీళ్లని ఎంత గట్టిగా కలుపుతున్నామో చెప్పే అంకె) వందల్లో ఉండాలి, నిమిషం చాలు, ఫ్లాక్యులేటర్‌లో మాత్రం 20 నుంచి 70 మధ్యలో అరగంట దాకా నిదానంగా తిప్పాలి. స్పీడ్ తగ్గించాక ఫ్లాక్ కంటికి కనపడేంత లావుగా కట్టి కిందకి దిగుతోంది, డోసు కూడా తగ్గించాం. డోసు ఎక్కువైతే పీహెచ్ పడిపోద్ది, అదో తలనొప్పి.

వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే పరికరం) లేని ప్లాంట్ అయితే, బెల్ట్ డ్రైవ్ ఉంటే పుల్లీ సైజు మార్చుకున్నా స్పీడ్ తగ్గుతుంది.