డెస్కు పోయాక మళ్లీ పని వెతుక్కోవడం: ఓ మాజీ సబ్ ఎడిటర్ అనుభవం

2020 జూన్‌లో మా జిల్లా టాబ్లాయిడ్ మూసేశారు. లాక్‌డౌన్‌లో ప్రకటనల్లేక మెయిన్ పేపరే పల్చబడింది, జిల్లా పేజీలను ఇంకెవరు మోస్తారు? విజయవాడ డెస్కులో, అంటే వార్తలు దిద్ది పేజీలు పెట్టే విభాగంలో, పదిహేడేళ్లు చేసిన నా ముందు హెచ్‌ఆర్ కుర్రాడు ఒక కాగితం పెట్టి, "రాజీనామా అయితే సెటిల్‌మెంట్ తొందరగా అవుతుంది సార్" అన్నాడు. చదవకుండా సంతకం పెట్టేశాను. పొద్దుగూకులూ ఊళ్లోవాళ్లు రాసిన వార్తల్లో తప్పులు పట్టే ఉద్యోగం నాది!

కాబట్టి మొట్టమొదట చెప్పేది: ఆ రోజు సంతకం పెట్టకండి. "ఇంటికి తీసుకెళ్లి చదివి రేపిస్తాను" అనండి. రాజీనామా వేరు, తొలగింపు వేరు. అప్పట్లో అమల్లో ఉన్న 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం సబ్ ఎడిటర్‌ని తీసేయాలంటే మూడు నెలల నోటీసివ్వాలి. రిట్రెంచ్‌మెంట్ (మనుషులు ఎక్కువయ్యారని తీసేయడం) కింద పనిచేసిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారమూ ఉంది. నా సంతకంతో రెండూ పోయాయి, గ్రాట్యుటీ ఒక్కటే దక్కింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో రీస్కిల్లింగ్ ఫండ్ అని ఒకటుంది: తొలగించిన కార్మికుడి పేరు మీద యాజమాన్యం పదిహేను రోజుల జీతం కట్టాలి, అది 45 రోజుల్లో అతని ఖాతాలో పడాలి. రాజీనామా చేసి వచ్చినవాడికి అదీ లేదు. లేబర్ లాయరు ఫీజు వెయ్యి రూపాయలైనా ఇచ్చి కాగితం చూపించుకోండి.

ఆఫీసు మెయిల్ ఆపేసేలోపు పే స్లిప్పులు, ఫారం 16 దించుకోండి. పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ పడిందో లేదో చూడండి. కంపెనీ వేయకపోతే, ఆఖరి కాంట్రిబ్యూషన్ పడ్డ రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మనమే వేసుకోవచ్చు. నాకిది తెలియక ఆఫీసు గేటు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. ఇంకోటి, కంగారుపడి చీటీ పాడేయకండి. నేను రెండు లక్షల చీటీని ముప్పై ఎనిమిది వేలు వదులుకుని పాడాను. ఆ డబ్బు నాలుగు నెలల్లో అయిపోయింది, వాయిదాలు మాత్రం ఏడాదిన్నర కట్టాను.

ఇక పని సంగతి. మొదటి బయోడేటాలో "సబ్ ఎడిటర్, 17 సంవత్సరాలు" అని రాసి పదకొండు చోట్లకు పంపాను. ఒక్కరూ పలకలేదు. హోదా రాస్తే మన పేపర్లవాళ్లకు తప్ప బయటివాళ్లకు ఏం అర్థమవుతుంది? ఆ కాగితం పక్కన పెట్టి, రాత్రి డ్యూటీలో గంట గంటకూ ఏం చేసేవాణ్నో నోటు పుస్తకంలో రాసుకున్నాను. వార్తా ఏజెన్సీ పంపే ఇంగ్లీషు వార్తను ఇరవై నిమిషాల్లో తెలుగు చేయడం, పదిహేను లైన్ల వార్తను ఆరుకు కుదించడం, పదకొండున్నరకు పేజీ ప్రింటింగుకి వదలడం. అది చదివి మా బావమరిది, "బావా, ఇది లోకలైజేషన్ పని కదా, యాప్‌లూ వెబ్‌సైట్లూ తెలుగులోకి మార్చడం, మా కంపెనీలో బయటివాళ్లకిస్తారు" అన్నాడు. మీరూ అలాగే ఒక్క రోజు పని రాయండి, రాసింది మీ రంగం కానివాళ్లకు చూపించండి.

అడ్డం పడింది వేళ్లు. పదిహేడేళ్లూ డీటీపీలో వాడే పాతరకం అను ఫాంట్లలో కొట్టినవాణ్ని, బయట అడిగేదంతా ఫోన్లలో, వెబ్‌లో నడిచే యూనికోడ్ తెలుగు. ఇన్‌స్క్రిప్టు అనే యూనికోడ్ కీబోర్డు పద్ధతిలో "పక్క" రాయాలంటే ప తర్వాత క, పొల్లు, మళ్లీ క కొట్టాలి. వత్తు కోసం నా వేలు పాత చోటికే పరిగెత్తేది. డెస్కు అలవాటుకి ఎలాగూ రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టదు, ఆ వేళలో సాధన చేస్తే ఆరు వారాలు పట్టింది.

ఇంకా కష్టమైనది డెస్కు భాష వదిలించుకోవడం. పని ఇచ్చేముందు చేయించి చూసే శాంపిల్ అనువాదాల్లో నా మొదటిది ఒక బ్యాంకు యాప్‌ది. "లావాదేవీని పూర్తి చేయుటకు వీలుపడలేదు" అని రాశాను. రివ్యూ చేసిన అమ్మాయి దాన్ని కొట్టేసి "డబ్బు వెళ్లలేదు. మళ్లీ ప్రయత్నించండి" అని పెట్టింది. నా కూతురి వయసు ఉంటుందేమో, ఒళ్లు మండింది. మర్నాడు చదివితే ఆమెదే తెలుగు. మా వాళ్లంతా "అన్నారు" దగ్గర "పేర్కొన్నారు" అంటాం కదా, ఆ జబ్బు.

శాంపిల్ రెండు మూడు వందల పదాలైతే ఊరికే చేసివ్వండి. మూడు వేల పదాల "టెస్టు" అంటే అది పనే, డబ్బడగండి. టైపింగ్ పనికి ముందు డిపాజిట్ కట్టమన్న ఫోన్లకు జవాబివ్వకండి. ఇప్పుడు చాలావరకు వచ్చేది యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దే పని, దానికి రేటు తక్కువ. తక్కువని నేను వదల్లేదు, దిద్దడమేగా మన వృత్తి. కాకపోతే యంత్రం చెత్తగా చేసిన ఫైలుకి మాత్రం పూర్తి రేటు అడుగుతాను, సగంసార్లు ఇస్తారు.

ఇన్వాయిస్ పంపాక డబ్బు రావడానికి నలభై అయిదు రోజులు పడుతుంది. అందుకని ఇవాళ చేసిన పనిని ఈ నెల అద్దెలో లెక్కేసుకోకండి. నా మొదటి ఫైలు 2,300 పదాలు, పదానికి ఎనభై పైసలు. ఆ 1,840 రూపాయలు దసరా ముందు పడ్డాయి. మా ఆవిడ పాలవాడి పద్దులో రాసేసింది.