పిల్లల ఫోటోలు ఎందుకు పాడవుతున్నాయి: పర్లాకిమిడి ఇంట్లో పట్టుకున్న తప్పులు

మా ఇల్లు ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో, పాత వరుస ఇళ్లలో ఒకటి. వీధరుగు, ముందుగది, మధ్యగది, వంటిల్లు, పెరడు, అన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. వెలుతురు వచ్చేది రెండు చివరల నుంచే. ఇలాంటి ఇంట్లో మూడేళ్ల పాప, ఏడేళ్ల బాబు తిరుగుతుంటే ఫోటోలు ఎలా వస్తాయో వేరే చెప్పక్కర్లేదు. మొదట్లో ఫోన్‌ని తిట్టుకున్నాను. కొత్తది కొన్నాక అవే మసక ఫోటోలు ఇంకాస్త పెద్ద సైజులో వచ్చాయి. తప్పులన్నీ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. ఒక్కోదాన్ని విడిగా పట్టుకోవాలి.

ఫోటో అంతా పొగ కమ్మినట్టుంది, దీపాల చుట్టూ తెల్లటి మరక

లెన్స్ మీద కొబ్బరినూనె. పిల్లకి తల దువ్విన చేత్తోనే ఫోన్ పట్టుకుని ఉంటారు. మెత్తని పాత నూలుగుడ్డతో తుడవండి. నవ్వుకోకండి, నా ఫోటోల్లో సగం రోగం ఇదే.

గోడ మీద క్యాలెండర్ స్పష్టంగా ఉంది, పిల్లే మసక

ముందు క్యాలెండర్ చూడండి. అది కూడా అలికినట్టుంటే మీ చెయ్యి కదిలింది. అది బాగుండి పిల్ల చెయ్యి మాత్రమే చెరిగిపోతే పిల్ల కదిలింది. రెండింటికీ మూలం చీకటే. వెలుతురు చాలనప్పుడు ఫోన్ షట్టర్‌ని సెకనులో ఇరవయ్యో వంతో, అంతకంటే ఎక్కువో తెరిచి ఉంచుతుంది. ఆ లోపల మూడేళ్ల పిల్ల గిన్నెలోంచి అటుకులు తీసి నోట్లో పెట్టేసుకుంటుంది.

సెట్టింగుల జోలికి వెళ్లే ముందు చోటు మార్చండి. మధ్యగదిలో తింటున్న పిల్లని, ఆ గిన్నెతో సహా, ముందుగది వీధి గుమ్మానికి రెండడుగుల దూరంలో కూర్చోబెట్టండి. వెలుతురు పక్క నుంచి పడాలి. బుగ్గ మీద అటుకు అంటుకున్నదీ, పై పెదవి మీద పాల గీతా కనిపిస్తాయి. మధ్యగదిలో ట్యూబులైటు కింద తీస్తే ఇవేవీ ఉండవు, మొహం అప్పడంలా చదునుగా వస్తుంది.

అప్పటికీ మసకే అయితే ఫోన్‌లో ప్రో మోడ్ తెరిచి షట్టర్ మీరే పెట్టండి. కూర్చుని తింటుంటే 1/125 సెకను, ఆడుకుంటుంటే 1/250, అరుగు మీద పరుగెడుతుంటే 1/500. ఐఎస్‌ఓని, అంటే ఉన్న వెలుతురుని ఫోన్ ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెని, ఆటోలో వదిలేయండి. అది పెరిగి ఫోటోలో కొంచెం ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. రానివ్వండి. గరుకు ఫోటోని ఇరవై ఏళ్ల తర్వాత కూడా చూస్తాం, చెరిగిన మొహాన్ని ఎవరూ చూడరు. ప్రో మోడ్ లేని ఫోనైతే వరసగా పది ఫోటోలు తీసే బర్స్ట్ వాడి, ఒకటి ఉంచుకుని తొమ్మిది తీసేయండి. ఆ తీసేసే పని ఆ రాత్రికే చేయాలి, రేపటికి పెడితే ఎప్పటికీ కాదు.

ఇక నైట్ మోడ్. అది చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. కదలని గుడి గోపురానికి బాగుంటుంది, నిద్రపోతున్న పిల్లకీ పనికొస్తుంది. మేలుకున్న పిల్లకి పనికిరాదు, ఆపేయండి.

గుమ్మంలో నిలబెడితే మొహం నల్లగా, వీధి తెల్లగా

బయట వెలుతురు చూసి ఫోన్ మొత్తం ఫోటోని తగ్గించేస్తోంది. మొహం మీద వేలితో తట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకి లాగండి. లేదంటే మీరే వీధివైపుకి వెళ్లి వెనక్కి తిరగండి, పిల్ల లోపలి నుంచి మీవైపు చూస్తుంది. పట్టపగలు మండుటెండలోకి మాత్రం తీసుకెళ్లొద్దు. కళ్లు చిట్లించి, కనుబొమ్మల కింద నల్లటి నీడలతో వస్తారు. అరుగు నీడ అంచుని మించిన స్టూడియో ఈ ఊళ్లో లేదు.

అడ్డంగా చారలు, లేదా ఒక బుగ్గ పచ్చగా ఒక బుగ్గ నీలంగా

చారలు కరెంటువి. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు, ఫోన్‌కి తెలుస్తుంది. షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెడితే పోతాయి. రెండు రంగుల బుగ్గలకి కారణం కిటికీ వెలుతురు, బల్బు వెలుతురు కలవడం. పగలు తీసేటప్పుడు లైటు ఆపేయండి, అంతే.

అన్నీ నడినెత్తి ఫోటోలే, లేకపోతే ముక్కు పెద్దగా

మనం నిలబడి తీస్తాం, వాళ్లు కింద ఉంటారు. అందుకే జుట్టు, గచ్చు తప్ప ఏమీ రాదు. ముక్కు పెద్దగా రావడం మరీ దగ్గరికి వెళ్లినందుకు. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి.

గురువారాన్ని మనం లక్ష్మివారం అంటాం, పక్కింటి ఒడియావాళ్లు గురుబార్ అంటారు. మార్గశిరంలో ఆ రోజు వాళ్లు తడి బియ్యప్పిండిలో వేళ్లు ముంచి గుమ్మం ముందు ఝోటి అనే ముగ్గు వేస్తారు, అందులో లోపలికి నడిచొస్తున్న లక్ష్మి పాదాలు కూడా వేస్తారు. మా చిన్నది ఒకరోజు తెల్లారే వెళ్లి, ఆరని పాదం మీద తన పాదం ఆనించి కొలత చూసుకుంది. నేను నిలబడే టకటకా ఆరు తీశాను. ఆరింట్లోనూ ఒక నల్లటి తల, ఒక తెల్లటి మరక. ఏడోసారి రోడ్డు మీద మోకాళ్లు ఆనించి, ఫోన్‌ని తలకిందులు చేసి లెన్స్ నేలకి తాకేలా పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది, పిండి అంటిన బొటనవేలు, దాని వెనక కిందికి వంగి చూస్తున్న మొహం. పక్కింటావిడకి క్షమాపణలు చెప్పి పాదం మళ్లీ వేయించడానికి పది నిమిషాలు పట్టింది.

ఫోన్ తీయగానే పళ్లన్నీ బయటపెట్టి నిలబడతారు

ఈ రోగం మనం అంటించిందే. ఏడాది వయసు నుంచి "ఇటు చూడు, నవ్వు" అన్నాం. ఇప్పుడు ఫోన్ అంటే వాళ్లకి పని. నెలరోజులు ఆ మాట మానేయండి. చేతికి పని ఉన్నప్పుడే తీయండి, చిక్కుడుకాయలు తుంచుతున్నప్పుడు, చెప్పు ఎడమదో కుడిదో తేల్చుకోలేనప్పుడు. తీసిన వెంటనే చూపించకండి. చూపించారా, ఆట ఆగిపోయి గ్యాలరీ మొదలవుతుంది. మా అత్తగారిది మాత్రం వేరే వైద్యం. "ఏటే, ఆ గుంటకి అన్నం పెట్టక ఫోన్ పట్టుకు తిరుగుతావు?" అని కసురుతారు. అందులోనూ న్యాయం ఉంది, ఏడుస్తున్నప్పుడు ముందు ఎత్తుకోవాలి.

నేను ఏ ఫోటోలోనూ లేను

తీసేది నేనే కాబట్టి. ఫోన్ అత్తగారి చేతికిచ్చి, తెర మీద గుండ్రాన్ని వెతకక్కర్లేదు, పక్కనున్న వాల్యూమ్ బటన్ నొక్కితే చాలని చూపించాను. చాలా ఫోన్లలో అది పనిచేస్తుంది. ఆవిడ తీసినవాటిలో మూలన బొటనవేలు ఉంటుంది, నా తల సగం తెగుతుంది. అయినా జడ వేస్తున్న నేనూ వేయించుకోనంటున్న పిల్లా కలిసి ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి 4కె వీడియో పెట్టేయండి. అందులో ఒక్కో ఫ్రేము 3840×2160 చుక్కలు, అంటే ఎనిమిది మెగాపిక్సెళ్ల పైనే. 4×6 అంగుళాల ప్రింటు నాణ్యంగా రావడానికి 1200×1800 చాలు. కాబట్టి నచ్చిన ఫ్రేము ఆపి దాచుకోవచ్చు.

తేదీలు కలిసిపోయాయి, కొన్ని ఫోటోలు అసలు లేవు

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ కూడా ఊడిపోతుంది. విశాఖలో అత్త పంపిన పాత ఫోటో ఇవాళ్టి తేదీతో వచ్చి కూర్చునేది అందుకే. డాక్యుమెంట్‌గా పంపమనండి. రెండో నకలు ఫోన్ బయట ఉండాలి. ఒకసారి రిపేరుకిస్తే ఖాళీ ఫోన్ చేతికొచ్చింది, బాబు రెండో ఏడాదిలో నాలుగు నెలలు మాకు లేవు. స్నానం ఫోటోలు స్టేటస్‌లో పెట్టడం ఎలాగూ వద్దు.

రెండేళ్ల తర్వాత చూస్తే ఏమీ గుర్తు రావట్లేదు

ఫోటో ఉంది, మాట లేదు. ఇది అన్నిటికంటే ఆలస్యంగా నాకు అర్థమైన లోపం. నెలకి పది ప్రింట్లు వేయించి జేబుల ఆల్బమ్‌లో పెడుతున్నాను. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు, పసుపెక్కి ఫోటోని వదలదు. వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు గీత తేలుతుంది, అందుకే పక్క జేబులో చీటీ పెడతాను. తేదీ, చోటు, ఆ పూట వాళ్లన్న ఒక మాట. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు కాబట్టి మాటలు కలిసే వస్తాయి, నీళ్లు 'పాణి' అవుతాయి. వాటిని సరిదిద్ది రాయాలని మొదట చెయ్యి లాగింది. వాడుక మాటని పుస్తకాల్లోకి తేవాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇక్కడ కూర్చుని మూడేళ్ల పిల్ల మాటకి గ్రాంథికం తొడగడం ఏం బాగుంటుంది? ఝోటి ఫోటో పక్కన చీటీలో ఇలా ఉంది: "లక్ష్మివారం పొద్దున్న. కాలు కడుక్కోమంటే 'పాణి ఇయ్యి, కానీ చెరపకు' అంది."