సెల్ఫ్‌కి నంబర్ తాళం: కారులో కీప్యాడ్ స్టార్టర్ లాక్ బిగించడం

కారుకి నంబర్ తాళం పెట్టమని వచ్చేవాళ్లలో చాలామంది ఫ్యూయల్ పంపు వైరు కట్ చేసి పెట్టమంటారు. నేను ఆ పని చేయను. వేరేచోట అలా పెట్టించుకున్న కారు ఒకటి తాడు కట్టి నా దగ్గరికి లాక్కొచ్చారు. లారీని దాటుతుండగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) సాకెట్‌లో పిన్ను వదులై పంపు ఆగింది, ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా అయిపోయింది. నడిపినాయన నాకు జరిగింది చెబుతుంటే ఇంకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. తాళం సెల్ఫ్‌కే, అంటే ఇంజన్‌ని మొదట తిప్పే స్టార్టర్ మోటారుకే వేయాలి, తిరుగుతున్న ఇంజన్ జోలికి దాని వైరు ఒక్కటీ పోకూడదు. సెల్ఫ్ లాక్ చెడిపోతే బండి ఉన్నచోటే ఉంటుంది, నడిరోడ్డు మీద ఎవరి ప్రాణం మీదికీ రాదు.

ఇది ఆపలేనివి కూడా ఉన్నాయి. గేర్లు చేత్తో మార్చే బండిని తోసి స్టార్ట్ చేయొచ్చు. బానెట్ తెరవగలిగినవాడు సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) దగ్గర రెండు టెర్మినళ్లు కలిపి సెల్ఫ్ కొట్టించొచ్చు. తాళంచెవి కొట్టేసినవాణ్ణి, స్టీరింగ్ కింద వైర్లు పీకి కలిపేవాణ్ణి మాత్రం ఇది బాగా అడ్డుకుంటుంది. నేను చెప్పే పద్ధతి తాళంచెవి తిప్పే కార్లకే. బటన్ స్టార్ట్ కార్లలో సెల్ఫ్‌ని నడిపేది కంప్యూటరు, ఆ మోడల్ వైరింగ్ బొమ్మ చేతిలో లేకుండా అక్కడ కత్తెర పెట్టకండి. కారు వారంటీలో ఉంటే వైరు కోసే ముందు కంపెనీవాళ్లను అడగండి.

కీప్యాడ్ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. తలుపులకి పెట్టే ఒంటి ముక్క కీప్యాడ్లలో నంబర్ సరిచూసే సర్క్యూటూ, రిలే కూడా ఆ మీటల వెనకే ఉంటాయి. దొంగ దాన్ని ఊడబీకి వెనక రెండు వైర్లు కలిపితే నంబర్‌తో పనేముంది? మీటల పలక వేరు, నంబర్ గుర్తుపట్టే పెట్టె వేరుగా ఉన్న రకం తీసుకోండి. పలక చేతికందే చోట ఉంటుంది, పెట్టె డాష్‌బోర్డు లోపల ఎక్కడో ఉంటుంది. పలక పగలగొట్టినా వాడికి ఒరిగేదేమీ ఉండదు. తప్పు నంబర్ వరసగా నాలుగైదుసార్లు కొడితే కాసేపు మొరాయించేదైతే ఇంకా మంచిది.

ఇక వైర్ల సంగతి. ఇగ్నిషన్ స్విచ్ వెనక మనకి కావాల్సినవి రెండే: ఇగ్నిషన్ వైరు, స్టార్ట్ వైరు. రంగుల్ని నమ్మకండి, మల్టీమీటర్‌ని నమ్మండి. బండి న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేసి కొలవండి. స్టార్ట్ వైరు ఆఫ్‌లోనూ, ఆన్‌లోనూ సున్నా చూపించి, సెల్ఫ్ కొట్టినంతసేపే బ్యాటరీ వోల్టేజి చూపిస్తుంది. ఇగ్నిషన్ వైరు ఆన్‌లో వస్తుంది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా పోదు. యాక్సెసరీ వైరు కూడా ఆన్‌లో వస్తుంది గానీ సెల్ఫ్ కొట్టగానే పోతుంది. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మా బావ కారుకి మొదటిసారి పెట్టినప్పుడు తొందరలో ఆన్‌లో మాత్రమే చూసి యాక్సెసరీ వైరుకి కలిపేశాను. నంబర్ కొట్టి తాళంచెవి తిప్పితే సెల్ఫ్ టక్కుమని ఆగిపోయేది. రిలేకి కరెంటు పోయి అదే సెల్ఫ్‌ని ఆపేస్తోందని తెలిసేసరికి రెండు రిలేలు మార్చాను. అందుకే తాళంచెవిని ఆన్ నుంచి స్టార్ట్‌కి నెమ్మదిగా తిప్పుతూ మీటర్ మీద కళ్లు పెట్టండి, మధ్యలో ఒక్క క్షణం కూడా పడిపోకూడదు.

నేరుగా బ్యాటరీ వైరుకే కలిపేద్దామనుకుంటారు కొందరు. కీప్యాడ్ 50 మిల్లీ ఆంపియర్లు తాగుతూ కూర్చుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. మూడు వారాలు ఊరెళ్లి వస్తే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ. ఇగ్నిషన్ వైరు నుంచి ఇస్తే తాళంచెవి తీయగానే అంతా చల్లారుతుంది.

కొలతలయ్యాక బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. స్టీరింగ్ చుట్టూ పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోవద్దు, టెస్ట్ బల్బు ఆ చుట్టుపక్కలకే తేవద్దు.

కావాల్సినవి 12 వోల్టుల, 40 ఆంపియర్ల రిలేలు రెండు, వాటి సాకెట్లు, 1ఎన్4007 డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) రెండు, 2 ఆంపియర్ల ఫ్యూజు. రిలే మీద అంకెలు జర్మన్ల డిన్ 72552 ప్రమాణం నుంచి వచ్చినవి: 85, 86 కాయిల్ (రిలేని పనిచేయించే తీగచుట్ట), 30, 87 స్విచ్. 87ఏ అనే కాలు ఉంటే దాన్ని ఖాళీగా వదిలేయండి. అది కరెంటు లేనప్పుడు కలిసుండే కాలు, దానికి కలిపితే కీప్యాడ్ వైరు తెంపినవాడికి మీరే దారి ఇచ్చినట్టు.

ఇగ్నిషన్ వైరు నుంచి తీసిన తీగకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టి, రెండు రిలేల 86లకీ, కీప్యాడ్ పెట్టె ప్లస్‌కీ ఇవ్వండి. రెండు రిలేల 85లనీ కలిపేయండి. ఆ కలిసిన తీగకి మొదటి రిలే 87 కూడా కలపండి, దాని 30ని బాడీ ఎర్త్‌కి ఇవ్వండి. కీప్యాడ్ పెట్టె మైనస్ కూడా ఎర్త్‌కే. దాని అవుట్‌పుట్ స్విచ్‌లో కామన్ అని రాసున్న కాలు ఎర్త్‌కి, రెండోది (నంబర్ సరిపోయినప్పుడు కలిసేది) ఆ 85ల తీగకి. పెట్టెని ఒక సెకను పల్స్ మోడ్‌లో (ఒక్క సెకను కలిసి వదిలేసేలా) పెట్టండి. నంబర్ కొట్టగానే రెండు రిలేలూ పట్టుకుంటాయి, మొదటి రిలే తనని తానే ఎర్త్ చేసుకుని పట్టు వదలదు. తర్వాత సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజి పడిపోయి కీప్యాడ్ రీసెట్ అయినా ఫర్వాలేదు. ట్రాఫిక్‌లో ఇంజన్ ఆగిపోతే తాళంచెవిని వెనక్కి పూర్తిగా తిప్పకుండా మళ్లీ సెల్ఫ్ కొట్టుకోవచ్చు, వెనక హారన్లు మోగుతుంటే నంబర్ వెతుక్కోనక్కర్లేదు. కొన్ని కార్లలో తాళంచెవి పూర్తిగా వెనక్కి తిప్పితేనే మళ్లీ స్టార్ట్‌కి వస్తుంది, వాటికి నంబర్ మళ్లీ కొట్టాల్సిందే. ఒక్కో రిలే 85, 86 మధ్య డయోడు పెట్టండి, వెండి గీత 86 వైపు ఉండాలి. తిరగబడితే నంబర్ కొట్టగానే ఫ్యూజు పోతుంది.

స్టార్ట్ వైరుని కోసి, స్విచ్ వైపు కొసని రెండో రిలే 30కి, ఇంజన్ వైపు కొసని 87కి కలపండి. కొన్ని కార్లలో ఈ వైరు మధ్యలో రిలే లేకుండా నేరుగా సొలినాయిడ్‌కి వెళ్తుంది, అప్పుడు పదుల ఆంపియర్లు లాగుతుంది. మీరు వేసే వైరు అసలు వైరు కన్నా సన్నగా ఉండకూడదు. ఈ కరెంటుని కీప్యాడ్ లోపలి చిన్న రిలే గుండా ఎప్పుడూ పోనివ్వకండి. క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్ ఉన్నవి ఉన్నట్టే పనిచేయాలి.

అతుకులన్నీ మంచి క్రింప్‌తోనో సోల్డర్‌తోనో వేసి హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించండి. నేను అన్నిటికీ నల్ల వైరే వాడతాను. కంపెనీ వైర్ల గుత్తికి చుట్టినట్టే గుడ్డ టేపు చుడతాను. ఎర్ర వైరు, మెరిసే ప్లాస్టిక్ టేపు కనపడిందంటే తర్వాత పెట్టిన సరుకని దొంగకి చెప్పేసినట్టే. 85ల తీగ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, దాన్ని ఎర్త్‌కి తాకిస్తే తాళం తెరుచుకుంటుంది. అందుకని రిలేలూ, కీప్యాడ్ పెట్టె కూడా ఒకేచోట దగ్గరగా, స్టీరింగ్ కింద కాకుండా ఇంకాస్త లోపలికి ఉండాలి.

కంపెనీ ఇచ్చిన మాస్టర్ నంబర్ ఆ రోజే మార్చండి. నాలుగంకెల నంబర్ వాడితే కొన్నాళ్లకి ఆ నాలుగు మీటలే అరుగుతాయి, అప్పుడు ప్రయత్నించాల్సినవి 24 మాత్రమే. ఆరంకెలు పెట్టుకోండి, పలకని రోజూ మొత్తంగా తుడవండి.

బ్యాటరీ కలిపాక న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి చూడండి. నంబర్ లేకుండా సెల్ఫ్ కదలకూడదు. నంబర్ కొట్టాక స్టార్ట్ కావాలి. ఇంజన్ తిరుగుతుండగా రెండో రిలేని సాకెట్ నుంచి ఊడబీకండి. ఇంజన్ చెక్కుచెదరకుండా తిరుగుతుండాలి. ఆగిందా, మీరు కోసింది స్టార్ట్ వైరు కాదు. మళ్లీ మొదట్నుంచి కొలవండి.

ఎప్పుడైనా కీప్యాడ్ చచ్చిపోతే రెండో రిలే తీసి, సాకెట్‌లో 30నీ 87నీ ఒక చిన్న జంపర్ వైరుతో కలిపితే కారు మామూలుగా స్టార్టవుతుంది. రెండు కొసలకీ స్పేడ్ టెర్మినల్ (చదునైన పిన్ను) కొట్టిన ఆ జంపర్ని పని పూర్తయిన రోజే చేసి, రిలే ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించండి. జంపర్ మాత్రం మీ పర్సులో ఉండాలి, కారులో కాదు.