సైనాఫ్ ఉన్నా డీసీఓ తనిఖీ తిరస్కరించింది: నా అనుభవం

తిరుపతిలో మా కాలేజీ ల్యాబులో మొదలుపెట్టి, అలిపిరి దగ్గరి అద్దె గదిలో నా ల్యాప్‌టాప్‌పై ముగించిన ఐదు కమిట్లను (కోడ్‌లో చేసిన మార్పుల నమోదులను) ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పంపినప్పుడు, ప్రతి కమిట్ సందేశం చివరా ‘సైన్డ్-ఆఫ్-బై’ (సైనాఫ్) పంక్తి ఉన్నప్పటికీ, డీసీఓ తనిఖీ వాటిలో రెండింటిని తిరస్కరించింది. ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు నాకుందని రాసిచ్చే హామీయే డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్). 2004లో లైనక్స్ కెర్నెల్ ప్రాజెక్టులో మొదలైన ఈ పద్ధతిని తరువాత ఎన్నో ప్రాజెక్టులు అనుసరించాయి.

పుల్ రిక్వెస్ట్ (మార్పులను చేర్చుకోమనే అభ్యర్థన) మూసి మళ్లీ తెరవడం, సైనాఫ్ పంక్తిని చేత్తో దిద్దడం, అన్నింటికీ మరోసారి సైనాఫ్ చేర్చడం, ఏవీ ఫలించలేదు.

చివరికి గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) లాగ్‌ను, ఆథర్ వివరాలు పూర్తిగా చూపే ‘ఫుల్లర్’ రూపంలో చూస్తే గుట్టు బయటపడింది. తిరస్కరించిన ఆ రెండు కమిట్లకు ఆథర్‌గా (రాసినవారిగా), ల్యాబు కంప్యూటరులో ఎవరో పెట్టి వదిలేసిన ‘స్టూడెంట్07’ అనే పేరు ఉంది. సైనాఫ్‌లో మాత్రం నా పేరు ఉంది. ఆ ప్రాజెక్టు తనిఖీ పోల్చేది ఆ రెండింటినే.

ముందుగా గిట్ కాన్ఫిగ్‌లో నా పేరు, ఈమెయిల్ సరిచూసుకుని, బ్రాంచికి (నా మార్పులున్న కోడ్ శాఖకు) ఒక నకలు తీసుకున్నాను (ఇది మరవకండి). తరువాత ఇంటరాక్టివ్ రీబేస్ (పాత కమిట్లను ఒక్కొక్కటిగా దిద్దే పద్ధతి) మొదలుపెట్టి, ఆ రెండు కమిట్ల ఎదుట ‘పిక్’కు బదులు ‘ఎడిట్’ అని రాసి, ఆగిన ప్రతిచోటా ‘రీసెట్-ఆథర్’, ‘సైనాఫ్’ రెండింటినీ జోడించి కమిట్‌ను అమెండ్ చేసి (సవరించి), రీబేస్‌ను కొనసాగించాను. ఆపైన ‘ఫోర్స్-విత్-లీజ్’తో (ఇతరులు కొత్తగా పంపినవి చెరగకుండా పాతదాని స్థానంలో పంపే ఎంపిక) పుష్ చేయగా తనిఖీలోని ఎర్ర గుర్తు పచ్చబడింది.

బ్రాంచిలో ఇతరుల కమిట్లు ఉంటే వాటిపై రీసెట్-ఆథర్ వాడకూడదు. వారి పేరు చెరిగి మీ పేరు పడుతుంది. సీఎల్ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అడిగే ప్రాజెక్టులలో విడిగా ఒప్పందంపై సంతకం చేయాలి కనుక, అక్కడ ఈ మార్గం ఒక్కటే చాలదు.