వయసు పైబడే చర్మానికి హైలురోనిక్ ఆమ్లం: వాడవలసిన తీరు

ముడతలు తగ్గిస్తాయని అమ్మే సీరమ్‌లలో ఎక్కువగా ఉండే పాలీశాకరైడ్ హైలురోనిక్ ఆమ్లం. రెండు రకాల చక్కెర అణువులు ఒకదాని తరువాత ఒకటిగా వేల సంఖ్యలో చేరి ఏర్పడిన ఈ పొడవైన గొలుసును 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని జిగురు పదార్థం నుంచి వేరుచేశారు. మన శరీరంలో ఉన్న ఈ పదార్థంలో దాదాపు సగం చర్మంలోనే ఉంటుంది. అయితే అక్కడ అది మహా అయితే ఒకటి రెండు రోజులు నిలుస్తుంది కనుక, విరిగిపోయిన దాని స్థానంలో కణాలు ఎప్పటికప్పుడు కొత్తది తయారుచేసుకుంటూనే ఉండాలి. వయసుతోను, అంతకు మించి ఎండతోను ఈ సమతూకం దెబ్బతింటుంది.

కొనేముందు సీసా వెనుక ఉన్న పదార్థాల పట్టిక చదవండి. సోడియం హైలురోనేట్ అని ఉంటే అది దీని లవణమే. పట్టికలో అది చివరి వరుసల్లో కనిపించినంత మాత్రాన మోసమని అనుకోనవసరం లేదు, ఎందుకంటే ఒక్క శాతం కలిపినా నీరు చిక్కటి జెల్‌గా మారుతుంది. గొలుసు పరిమాణమే అసలు విషయం. పది లక్షల డాల్టన్లకు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) పైబడిన పెద్ద గొలుసులు చర్మం పైపొరను దాటలేవు. అవి పైనే పలుచని పొరగా నిలిచి నీటిని పట్టి ఉంచుతాయి, దానివల్ల సన్నని గీతలు కొన్ని గంటలపాటు పూడినట్లు కనిపిస్తాయి. హైడ్రోలైజ్డ్ అని రాసి ఉండే చిన్న ముక్కలు కొంత లోపలికి వెళ్తాయి గాని, మరీ చిన్నవి వాపును ప్రేరేపించే సంకేతాలు ఇవ్వగలవని ప్రయోగశాల పరిశోధనల్లో తేలింది. అందువల్ల సున్నితమైన చర్మం గలవారికి పెద్ద గొలుసులున్న సీరమే మేలని నా అభిప్రాయం.

మొదట ముంజేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు రోజులు గమనించండి. దురద, ఎరుపు లేకపోతే, ముఖం కడిగాక పూర్తిగా తుడవకుండా, తడి ఉండగానే రెండు మూడు చుక్కలు అద్ది, వెంటనే మాయిశ్చరైజర్ రాయండి. ఈ రెండో మెట్టును వదిలేయకూడదు: రోజంతా ఏసీ గదిలో కూర్చునేవారికి పైన కప్పే క్రీమ్ లేకపోతే ఆ తేమ గాలిలోకి పోయి, చర్మం బిగుసుకుపోయినట్లు అనిపిస్తుంది.

చర్మంపై పూసుకునే సీరమ్ కణాలను కొత్తగా పుట్టిస్తుందన్న ప్రకటనలను నమ్మి ఎక్కువ ధర పెట్టకండి. చర్మం తన హైలురోనిక్ ఆమ్లాన్ని, బిగువునిచ్చే ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌ను నిలుపుకోవాలంటే పగలు కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రాయడం ముఖ్యం. కణాల పునరుత్పత్తిని వేగవంతం చేసేవి రెటినాయిడ్లు, అంటే విటమిన్ ఎ సంబంధిత మందులు. వాటిని చర్మవైద్యుల సలహాతో రాత్రిపూట వాడాలి, గర్భిణులు వాడకూడదు.

ఇదే పదార్థాన్ని ముడతలు పూడ్చే ఫిల్లర్‌గా చర్మం కిందకు సూదితో ఎక్కించడం పూర్తిగా వేరే చికిత్స. అది రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చుబడవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. కాబట్టి దీన్ని కరిగించే హైలురోనిడేజ్ అనే ఎంజైమ్‌ను సిద్ధంగా ఉంచుకునే అర్హులైన వైద్యుల దగ్గరే చేయించుకోండి. చేయించుకున్నాక చర్మం తెల్లబడినా, విపరీతమైన నొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.